నాలుగు గింజల లెక్క

మా అమ్మని ఎవరైనా "మీ పెద్దమ్మాయి ఏం చేస్తోందండీ?" అని అడిగితే, "పులిసిన పిండి మీద పరిశోధన" అనేది. పీహెచ్‌డీ అయ్యాక అమెరికా వెళ్తున్నానని చెప్పిన రోజు, "పిండి పులియబెట్టడానికి అంతదూరం దేనికే? తెనాల్లో పులవదా?" అంది. ఇడ్లీ పిండిని పొంగించేది ఎక్కువగా బాక్టీరియా అనీ, నేను చూసేది ఈస్ట్ అనీ, రెండింటికీ చుట్టరికం చాలా దూరమనీ చెప్పబోయాను. "ఏదో ఒక పురుగేగా" అని కొట్టిపారేసింది. ముప్పై అయిదేళ్లకు పైగా ఆ పురుగుతోనే కాపురం చేశాను.

నిజానికి ఆ పురుగు పనితనం నాకు మొదట తెలిసింది కల్లు దగ్గర. మా ఊరి చివర తాటితోపు ఉండేది. గీసే తాత చెట్టు దిగేసరికి లొట్టిలో ఉన్నది తియ్యగా, పలచగా ఉండేది. ఎండెక్కితే అదే నురగ కక్కేది. లొట్టి లోపల సున్నం పూస్తే చాలాసేపు తియ్యగానే నిలుస్తుందనీ, నిన్నటి లొట్టి కడగకుండా కడితే మాత్రం దింపేసరికే పులిసిపోతుందనీ చెప్పేవాడు. ఎందుకని అడిగితే "కుండకి అలవాటైపోద్ది పాపా" అనేవాడు. ఆ అలవాటు పేరు సాకరోమైసిస్ సెరివిసియే అనీ, నిన్నటి మడ్డిలో అది కోట్లకొద్దీ కాచుకుని కూర్చుంటుందనీ, సున్నం ఘాటుకి తలెత్తలేదనీ తెలియడానికి నాకు ఎమ్మెస్సీ దాకా పట్టింది. తాత చెప్పిన ఆ రెండు ముక్కల్లో ఒక ప్రయోగం ఉంది, దానికి పోల్చిచూసుకునే కంట్రోలూ ఉంది. అప్పుడు నాకు ఆ సంగతి తట్టలేదు.

1982లో హైదరాబాద్‌లో పరిశోధనకి చేరాను. ఈస్ట్ లాబ్ తలుపు తీస్తే బేకరీ వాసన వస్తుంది. మిగతా బయాలజీ లాబుల వాసనతో పోలిస్తే అదొక భాగ్యం. ముప్పై డిగ్రీల వెచ్చదనం, కాస్త చక్కెర, కాస్త పెప్టోన్ ఇస్తే ఈస్ట్ కణం గంటన్నరకి ఒకసారి రెండవుతుంది. శుక్రవారం సాయంత్రం ప్లేటు మీద గీసిపోతే ఆదివారానికి కంటికి కనిపించే కాలనీ, అందులో లక్షల కణాలు. ప్రపంచంలోని చాలా ఈస్ట్ లాబుల్లో వాడే జాతికి ఎస్288సి అని పేరు. దాని తాతముత్తాతల్ని వెతుక్కుంటూ పోతే, 1938లో కాలిఫోర్నియాలోని మెర్సెడ్ దగ్గర కుళ్లిన అంజూరపండు మీద ఎమిల్ మ్రాక్ అనే ఆయన పట్టుకున్న ఈస్ట్ దగ్గరికి చేరతాం. ఎస్288సి జన్యువుల్లో దాదాపు 88 శాతం దాని నుంచి వచ్చినవే. నోబెల్ బహుమతులు తెచ్చిపెట్టిన చాలా ప్రయోగాల వెనక ఒక కుళ్లిన పండు ఉందంటే, మా తాటితోపు తాత నవ్వి ఊరుకునేవాడు.

నాకు అప్పజెప్పిన పని టెట్రాడ్లు విడదీయడం. దీని గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే నా బతుకంతా దీని మీదే నడిచింది.

ఆడ మగ అనే పేర్లు లేకపోయినా ఈస్ట్‌లో రెండు రకాలున్నాయి: 'ఎ', 'ఆల్ఫా'. రెండూ దగ్గరికొస్తే కలిసిపోయి ఒకే కణం అవుతాయి. ఆ కణాన్ని నత్రజని అందకుండా, పొటాషియం ఎసిటేట్ ఒక్కటీ పెట్టి మాడిస్తే, మూడు నాలుగు రోజులకి క్షయకరణ విభజన జరిపి, ఒక సంచిలో నాలుగు గింజలు పెట్టుకుని ముడుచుకుంటుంది. పుస్తకాల్లో సిద్ధబీజాలంటారు. మేం గింజలనే అనేవాళ్లం. ఆ నాలుగింటి కట్టే టెట్రాడ్. సంచి గోడ కరగాలంటే నత్త కడుపులోంచి తీసిన ఎంజైము పోయాలి. ఆకులు తిని అరిగించుకునే జీవి కదా, గోడలు కరిగించడం దానికి వెన్నతో పెట్టిన విద్య. ఆ తర్వాత మైక్రోస్కోపు కింద గాజు సూదితో ఆ నాలుగింటినీ ఒక్కొక్కటే ఎత్తి, ప్లేటు మీద వరసగా పెట్టాలి.

సూది మేమే చేసుకునేవాళ్లం. గాజు కడ్డీని మంట మీద పెట్టి లాగితే వెంట్రుక లాంటి పోగు వస్తుంది, దాని కొస చదునుగా విరగాలి. వంద లాగితే నాలుగైదు పనికొచ్చేవి. కొస గింజ కంటే పది రెట్లు పెద్దది. మరి ఎలా ఎత్తుతుంది? గుచ్చదు, పట్టుకోదు. కొసకీ ప్లేటులోని అగర్ జెల్లీకీ మధ్య ఉన్న సన్నని నీటిపొర గింజని అంటించుకుంటుంది. తాకీ తాకనట్టు తాకాలి. బయట లారీ వెళ్తే బల్ల కదిలి గింజ పోయేది. అందుకని రాత్రి పదకొండు తర్వాత కూర్చునేదాన్ని. మొదటి నెలలో ఎన్ని సూదులు విరగ్గొట్టానో మా గైడుగారు ఒక చీటీ మీద లెక్క రాసి గోడకి అంటించారు. ఆ చీటీ నేను థీసిస్ ఇచ్చేదాకా అక్కడే ఉంది.

ఇంత అవస్థ దేనికంటే, బఠాణీలు మెండెల్‌కి చూపించనిది ఈస్ట్ చూపిస్తుంది. మెండెల్ 7,324 గింజలు లెక్కపెట్టాడు: 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. అది సగటున మూడుకి ఒకటి. ఏ బఠాణీ గింజ ఏ విభజనలోంచి వచ్చిందో ఆయనకి తెలిసే దారి లేదు. ఈస్ట్‌లో ఒకే విభజన తాలూకు నాలుగు బిడ్డలూ ఒకే సంచిలో, చేతికందేలా ఉంటాయి. ఒక జన్యువుకి రెండు రూపాలుంటే, రెండు గింజలకి ఒకటి, రెండు గింజలకి ఇంకొకటి. సగటుతో పనిలేదు, ప్రతి సంచిలోనూ రెండుకి రెండు. మొదటిసారి నా ప్లేటు మీద వరసకి రెండు ఎర్రవి, రెండు తెల్లవి చొప్పున పది వరసలు మొలిచిన పొద్దున, కాంటీన్‌కి వెళ్లకుండా అక్కడే నిలబడిపోయాను.

ఎరుపు ఎక్కడిదంటారా? ఎడీ2 అనే జన్యువు చెడిపోతే ఈస్ట్ సొంతంగా ఎడినీన్ తయారు చేసుకోలేదు. తయారీ మధ్యలో ఆగిపోయిన సరుకు కణంలో పేరుకుని ఎర్రగా మారుతుంది. అందుకే కాలనీ ఎర్రబడుతుంది. జన్యుశాస్త్రం చదివేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? మైక్రోస్కోపు అక్కర్లేదు, కన్ను చాలు.

ఆ ఎరుపే నన్ను నిలువునా ముంచింది. ఎర్ర ఈస్ట్‌లో అంతకుముందు మెట్టు కూడా చెడగొడితే ఎర్ర సరుకే తయారవదు, కాలనీ తెల్లగా వస్తుంది. అలాంటి తెల్లవాటిని ఏరడం హెర్షెల్ రోమన్ 1950లలోనే చూపించిన కిటుకు. నాకు అలాంటివి కావాలి. ఎర్ర ఈస్ట్ మీద అల్ట్రావయొలెట్ కాంతి పడేసి, వచ్చిన తెల్ల కాలనీలన్నీ టూత్‌పిక్‌తో ఏరి, నంబర్లు వేసి పెట్టాను. ఎడినీన్ లేని ప్లేటు మీద ఒక్కటీ పెరగలేదు, అనుకున్నట్టే. మామూలు ఎర్రదానితో జత కలిపాను, గింజలు విడదీశాను. రెండు ఎర్రవి, రెండు తెల్లవి రావాలి. నాలుగూ ఎర్రవే వచ్చాయి. మళ్లీ చేశాను, మళ్లీ నాలుగూ ఎర్రవే. తెలుపు ఆనవాలు లేకుండా మాయమైపోయింది.

ట్యూబులు తారుమారు చేశాననుకున్నాను. కల్తీ పడిందనుకున్నాను. చెయ్యి వణుకుతోందనుకున్నాను. నోట్‌బుక్‌లో ఆ ప్లేట్లన్నింటి పక్కన 'పొరపాటు' అని రాసి గీత కొట్టాను. నాలుగు నెలలు గీతలు కొడుతూనే ఉన్నాను. ఒకరోజు పక్క లాబ్ సీనియర్ ఒకావిడ టీ కప్పుతో వచ్చి, నా ప్లేటు ఎత్తి చూసి, "గ్లిజరాల్ మీద పెట్టావా?" అంది. పెట్టలేదు. ఆ రాత్రే పెట్టాను. నా తెల్లవాటిలో దాదాపు ఏవీ పెరగలేదు.

అవి నేననుకున్న తెల్లవి కావు. మైటోకాండ్రియాలో ఉన్న డీఎన్‌ఏ పాడైపోయిన ఈస్ట్‌లు. శ్వాస లేదు, గ్లూకోజ్ పులియబెట్టుకుని బతుకుతాయి. గ్లిజరాల్‌ని పులియబెట్టలేవు కాబట్టి దాని మీద పెరగలేవు. ఎర్రరంగు తేలాలంటే శ్వాస కావాలి, అది లేదు కనుక తెల్లగా కనిపిస్తాయి. జత కలిపితే ఎదుటి కణం తాలూకు మంచి మైటోకాండ్రియా అందుతుంది, పిల్లలన్నీ మళ్లీ ఎర్రబడతాయి. బొరిస్ ఎఫ్రుసి 1940ల చివర్లో పారిస్‌లో వీటిని చూశాడు, చిన్న కాలనీలు కాబట్టి ఫ్రెంచిలో 'పెతీత్' అని పేరు పెట్టాడు. మెండెల్ లెక్కకి లొంగని వారసత్వం ఒకటుందని ఈస్ట్‌లో తేలింది అక్కడే. నేను నాలుగు నెలలు గీతలు కొట్టేసింది దాన్నే. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, నా ప్లేటు మీదికి వచ్చినప్పుడు గుర్తుపట్టలేదు.

తర్వాతి సంగతులు చప్పున చెప్పేస్తాను. అమెరికాలో నాలుగేళ్లు, తిరిగొచ్చి హైదరాబాద్‌లో సొంత లాబ్. తెగిన డీఎన్‌ఏని కణం ఎలా అతుక్కుంటుందన్నది నా ప్రశ్న. 1983లో షోస్టాక్, ఆర్‌వీవర్, రాథ్‌స్టీన్, స్టాల్ కలిసి, తెగిన రెండు పోగులూ జత క్రోమోజోమును చూసి ఎలా బాగుపడతాయో ఒక నమూనా రాశారు. మా తరం వాళ్లలో చాలామంది ఆ వ్యాసం పట్టుకుని బతికాం. ఈస్ట్‌లో రాడ్51 అనే జన్యువు ఆ అతుకుపనిలో కీలకం. దానికి మనుషుల్లోనూ జత ఉంది, రొమ్ము క్యాన్సర్ చర్చల్లో వినిపించే బ్రాకా2 ప్రొటీను పట్టుకుని నడిపించేది దాన్నే. అంజూరపండు మీది పురుగుకీ మనకీ ఇంత పోలికా అని ఆశ్చర్యపోయే రోజులు పోయాయి. 1987లోనే మెలనీ లీ, పాల్ నర్స్ మనిషి జన్యువొకదాన్ని ఇంకో రకం ఈస్ట్‌లో పెట్టి, ఆగిపోయిన కణ విభజనని మళ్లీ నడిపించారు. 1996లో మా ఈస్ట్ జన్యుపటం మొత్తం బయటికొచ్చింది: 16 క్రోమోజోములు, కోటీ ఇరవై లక్షల దాకా అక్షరాలు, దాదాపు 6,000 జన్యువులు. కేంద్రకమున్న జీవుల్లో మొట్టమొదట చదివినది అదే. ఆ వారం మా లాబ్‌లో ఎవరూ ప్రయోగం చేయలేదు. అందరూ ఎవరి జన్యువుని వాళ్లు వెతుక్కున్నారు, సొంతూరు మ్యాపులో వెతుక్కున్నట్టు.

అన్ని రోజులూ అంత బాగాలేవు. ఒకసారి నిధుల కమిటీలో ఒక పెద్దమనిషి, "ఈస్ట్ వల్ల దేశానికేం లాభమమ్మా, బ్రెడ్డేగా?" అన్నాడు. ఆ ఏడాది డబ్బు రాలేదు. 1997లో హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. మన దేశంలో జన్యుమార్పిడి పద్ధతిలో తయారైన మొదటి టీకా అది, తయారైంది ఈస్ట్‌లోనే. జాతి మాది కాదు, పీచియా. అయినా ఆ వార్త పేపర్లోంచి కత్తిరించి, ఆ పెద్దమనిషికి పోస్టులో పంపుదామని కవరు మీద అడ్రసు కూడా రాశాను. పంపలేదు. ఇప్పటికీ ఆ కవరు ఎక్కడో ఉండాలి.

పాఠం చెప్పడంలోకి నేను ఇష్టపడి రాలేదు. సెలవుల్లో ఊరెళ్లినప్పుడు, పల్నాడు వైపు ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే నా ఎమ్మెస్సీ స్నేహితురాలు, "ఒక్క క్లాసు తీసుకోవే" అని లాక్కెళ్లింది. మెండెల్ ప్రాక్టికల్ జరుగుతోంది. ఎర్రపూసలు, తెల్లపూసలు డబ్బాలో కలిపి, రెండేసి తీసి లెక్కపెట్టాలి. నలభై రికార్డులు తిరగేశాను. నలభైలోనూ 75, 25. ఒక్కరికీ 71, 29 రాలేదు! పూసలు అంత బుద్ధిగా ఉండవు. "ఇలాగే వచ్చిందా?" అని ఒక అబ్బాయిని అడిగితే, "ఇలాగే రావాలి కదండీ మేడం" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. వేరేలా వస్తే మార్కులు పోతాయి. ఆ మాట విన్నప్పుడు నా నోట్‌బుక్‌లో నాలుగు నెలల గీతలు గుర్తొచ్చాయి.

ఆ ఏడాది నుంచి మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో గింజలు విడదీసి, ప్లేట్లు డబ్బాలో సర్ది, బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లేదాన్ని. "ఏందమ్మా అది?" అని కండక్టరు అడిగితే "పులిసిన పిండి" అనేదాన్ని. అక్కడ క్రిములు చంపే ఆటోక్లేవు లేదు, ప్రెషర్ కుక్కరు ఉంది. పదిహేను పౌండ్ల ఒత్తిడి, ఇరవై నిమిషాలు, అదే పని చేస్తుంది. అగర్ కొనే డబ్బు లేకపోతే కిరాణా కొట్లో చైనా గ్రాస్ దొరుకుతుంది, అదీ అగరే. మాటల దగ్గరే ఎక్కువ తిప్పలు పడ్డాను. 'కోరకీభవనం' అనగానే పిల్లల ముఖాలు ముడుచుకునేవి. మైక్రోస్కోపులో చూసిన ఒక అమ్మాయి "మొగ్గేస్తోంది మేడం!" అని అరిచింది. ఆ రోజు నుంచి మా క్లాసులో ఈస్ట్ మొగ్గేస్తుంది, అంతే. పరీక్షలో మాత్రం కోరకీభవనమే రాయమన్నాను. ఇందులో కొంత పిరికితనం ఉందని ఒప్పుకుంటాను.

రెండో ఏడాది కాబోలు, ప్లేట్లు పంచాను. ఎర్ర, తెల్ల లెక్క రాయమన్నాను. ఒక అబ్బాయి రబ్బరు పట్టుకుని ఏదో చెరిపేస్తున్నాడు. వెళ్లి చూస్తే, ప్లేటు మీద ఏడో వరసలో మూడు తెల్లవి, ఒక ఎర్రది. కాగితం మీద మొదట మూడు, ఒకటి అని రాసి, చెరిపి, రెండు, రెండు అని దిద్దుతున్నాడు. నేను ఇరవై ఏళ్లుగా జీతం తీసుకుంటున్నది ఆ ఏడో వరస కోసమే! తెగిన డీఎన్‌ఏ బాగుపడేటప్పుడు జత క్రోమోజోము మీది అక్షరాల్ని చూసి రాసుకుంటుంది. అప్పుడప్పుడు ఒక రూపం పోయి, దాని చోట ఇంకొకటి వస్తుంది. అందుకే రెండుకి రెండు రావలసిన చోట మూడుకి ఒకటి వస్తుంది. జీన్ కన్వర్షన్ అంటాం. నూటికి కొన్ని సంచుల్లో కనిపిస్తుంది. కార్ల్ లిండెగ్రెన్ ఇలాంటి లెక్కలు చూపించినప్పుడు చాలామంది ఆయన ఈస్ట్‌నే అనుమానించారు.

రబ్బరు లాక్కుని, "నువ్వు చూసిందే రాయి" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, వాడు బెదిరిపోయాడు. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ నాలుగు కాలనీల్నీ మిగతా గుర్తులతో పరీక్షించాం. గింజ ఎత్తేటప్పుడు నేనే పక్క సంచిలోది పెట్టి ఉండొచ్చుగా? ల్యూసిన్ అవసరం రెండుకి రెండు. 'ఎ', 'ఆల్ఫా' రెండుకి రెండు. ఎరుపు ఒక్కటే మూడుకి ఒకటి. "అంటే మీరు తప్పు చేయలేదన్నమాట" అన్నాడు. నా పరిశోధనాపత్రాలకి సమీక్షకులు రాసిన మాటలేవీ నాకు అంత తృప్తినివ్వలేదు.

ఇంకో ఏడాది, వెనక బెంచీ అమ్మాయి ఒకతె, రంగుల గురించి నేను చెబుతుంటే మధ్యలో లేచి, "తెల్లవన్నీ ఒకలా లేవు మేడం. కొన్ని చిన్నగా ఉన్నాయేంటి?" అంది. ప్లేటు ఇచ్చి అయిదు నిమిషాలు కాలేదు. ఎర్రవాటి మధ్య అవి పెతీత్‌లు. నాకు నాలుగు నెలలు, ఒక సీనియర్, ఒక టీ కప్పు కావలసి వచ్చిన ప్రశ్న అది. నాకు అప్పటికి ఎర్ర కాలనీ ఒక పనిముట్టయిపోయింది. గడియారంలో టైము చూసేవాడు ముల్లుని చూడడు కదా. ఆ అమ్మాయికి ముల్లే కనిపించింది. జవాబు చెప్పకుండా గ్లిజరాల్ ప్లేటు ఇచ్చాను. మూడు రోజుల తర్వాత స్నేహితురాలి ఫోన్లోంచి ఆ అమ్మాయే మాట్లాడింది: "చచ్చిపోయాయి మేడం. చిన్నవన్నీ."

ఈస్ట్ పనివాళ్లలో పాఠం చెప్పడం కొత్త సంగతేం కాదు. 1970లో ఫ్రెడ్ షెర్మన్, జెరాల్డ్ ఫింక్ కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో వేసవి కోర్సు పెట్టారు. ఈస్ట్ జన్యుశాస్త్రంలో పేరున్నవాళ్లలో ఎందరో ఆ బల్లల దగ్గర గింజలు విడదీయడం నేర్చుకున్నవాళ్లే. కాన్సస్‌లో టామ్ మానీ స్కూలు టీచర్లకి ఎర్ర, తెల్ల ఈస్ట్‌లు అందించి క్లాసుల్లో ప్రయోగాలు చేయించాడు. అడిగినవాళ్లకి ఈస్ట్ పంపడం మా వాళ్లలో ఆనవాయితీ. వడపోత కాగితం మీద కాస్త రాసి, ఆరబెట్టి, రేకులో చుట్టి, మామూలు ఉత్తరంలో పెడితే నెలల తర్వాతా మొలుస్తుంది. నేనూ ఎన్నో ఉత్తరాలు వేశాను. మన దగ్గర మాత్రం లాబులో ఉన్నవాళ్లు క్లాసుకి వెళ్లడం తక్కువతనమనీ, క్లాసులో ఉన్నవాళ్లు లాబుకి రావడం అతితనమనీ అనుకునే అలవాటు ఇంకా పోలేదు. నా ప్రమోషన్ ఫారంలో కాలేజీ క్లాసులు రాసుకోవడానికి గడే లేదు. 'ఇతరములు' కింద రాసేదాన్ని.

రిటైరయ్యాక స్కూళ్లకీ వెళ్తున్నాను. ఎక్కడికెళ్లినా సీసాలో చక్కెర నీళ్లు, బేకరీ ఈస్ట్, మూతికి బెలూన్. బెలూన్ ఉబ్బుతుంది, చప్పట్లు కొడతారు, టీచరు సీసా కడిగేస్తారు. ఆ టీచర్లకి నాదొక మనవి. ఆ నీళ్లు పారబోయకండి. ఒక చుక్క గాజుపలక మీద వేసి, పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరినీ చూడనివ్వండి. ఏం కనిపించాలో ముందు చెప్పకండి. ఎవరు ఏం చూశామంటే అది బోర్డు మీద రాయండి, తప్పనిపించినా చెరపకండి. నాలుగువందల రెట్లు చూపించే మైక్రోస్కోపు చాలు. చాలా హైస్కూళ్లలో అది బీరువాలోనే ఉంది, తాళం హెడ్మాస్టరుగారి దగ్గర.